గ్రానైట్ గట్టులో హాబ్ పాడైతే తక్కువ ఖర్చులో ఏం కొనాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నల్లగొండలో ఈమధ్య కట్టిన ఇళ్లు చాలావాటిలో వంటగది గట్టు గ్రానైట్‌ది, అందులో రంధ్రం కోసి దించిన గ్యాస్ పొయ్యి, దాన్నే హాబ్ అంటారు. ఇల్లు కట్టే హడావుడిలో ఇంటీరియర్ వాళ్లు ఏది పెడితే దానికి సరే అన్నాం. ఇప్పుడు అవి ఒక్కొక్కటిగా పాడవుతున్నాయి. మా ఇంట్లోది పోయిన ఏడాది పోయింది. ఇంకోటి కొనేలోపు నేను తిరిగిన షాపులు, తీసుకున్న కొలతలు, చేసిన పొరపాట్లు తెలిసి చుట్టాలూ ఇరుగుపొరుగూ నన్నే అడుగుతుంటారు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా ఆడబిడ్డయితే ఫోన్‌లోనే గట్టు కొలతలు చెప్పి ఏది కొనాలో చెప్పమంటుంది. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒక్కచోట రాసిపెడుతున్నాను.

మంట సరిగా రావట్లేదు. హాబ్ మార్చేయాలా?

ముందు బాగు చేయించి చూడండి. మంట పసుపుగా వస్తూ గిన్నెల అడుగు మసి పడుతుంటే పొయ్యి చచ్చిపోయినట్టు కాదు. పొంగిన పప్పునీళ్లు బర్నర్ రంధ్రాల్లో ఎండిపోయి ఉంటాయి, లేదా జెట్‌కు దుమ్ము పట్టి ఉంటుంది. బర్నర్ మూతలు తీసి వేడి నీళ్లలో సబ్బు వేసి గంటసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఎండలో పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. తడి మీద పెడితే మంట మళ్లీ ఎగిరెగిరి పడుతుంది. నాబ్ బిగుసుకుపోతే వాల్వ్‌కు గ్రీజు పెట్టాలి, అది మెకానిక్ పని. నాబ్ తిప్పితే దానంతటదే వెలిగే పొయ్యిలో టక్ టక్ శబ్దం రాకపోతే బ్యాటరీ చూడండి.

మెకానిక్ వచ్చినప్పుడు ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. జెట్ అంటే సన్నటి రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క. ఎంత గ్యాస్ పోవాలో తేల్చేది ఆ రంధ్రమే. కొంతమంది పిన్నుతో పొడిచి దాన్ని పెద్దది చేస్తారు. మంట పెరిగినట్టు కనిపిస్తుంది, మనకూ సంతోషంగా ఉంటుంది. కానీ అంత గ్యాస్‌కు సరిపడా గాలి కలవదు. గ్యాస్ ఎక్కువ పోతుంది, మసి పడుతుంది. "అన్నా, పొడవొద్దు, కొత్త జెట్ వెయ్" అని చెప్పండి. అదేమంత ఖరీదైనది కాదు.

గాజుకు పగులు వచ్చినా, కింది రేకు తుప్పుకు చిల్లు పడినా, సర్వీస్ చేశాక కూడా వాల్వ్ దగ్గర గ్యాస్ వాసన వస్తున్నా ఇక ఆలోచించొద్దు. మార్చేయండి.

హాబ్, స్టవ్, హాబ్‌టాప్ అంటారు. తేడా ఏంటి?

స్టవ్ కాళ్ల మీద గట్టుపైన నిలబడుతుంది. హాబ్ గట్టులో కోసిన రంధ్రంలోకి దిగుతుంది. హాబ్‌టాప్ చూడటానికి హాబ్‌లా ఉంటుంది, కావాలంటే రంధ్రంలో దించుకోవచ్చు, లేదంటే కాళ్లు బిగించి పైన పెట్టుకోవచ్చు. వండే పనిలో మూడింటికీ తేడా లేదు, తేడా అంతా ధరలో, బిగింపులో. హాబ్ తీసేసిన చోట మళ్లీ హాబే పెట్టాలన్న రూలేమీ లేదు. తక్కువలో అవ్వాలంటే ముందు ఆ మాట మనసులో పెట్టుకోండి.

కొలత ఎలా తీసుకోవాలి?

అందరం తప్పు చేసేది ఇక్కడే. నేనూ పై గాజు కొలత తీసుకుని షాపుకు వెళ్లాను. కావాల్సింది గాజు కొలత కాదు, గ్రానైట్‌లో కోసిన రంధ్రం కొలత. ఒకే సైజు గాజు ఉన్న రెండు హాబ్‌లకు రంధ్రం కొలతలు వేరువేరుగా ఉండొచ్చు.

రెగ్యులేటర్ ఆఫ్ చేసి, సిలిండర్ నుంచి తీసేయండి. గిన్నెల స్టాండ్లు, బర్నర్ మూతలు పక్కన పెట్టండి. గట్టు కింద వంగి చూస్తే హాబ్‌ను పట్టుకుని ఉన్న క్లిప్పులు కనిపిస్తాయి, అవి వదులు చేస్తే హాబ్ పైకి లేస్తుంది. బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టండి. మాది లేపగానే కింద ఏళ్లనాటి మెతుకులు, ఆవాలు, జిడ్డు పేరుకుని ఉన్నాయి. అవన్నీ తుడిచాకే టేపు పెట్టండి. చేత్తో కోసిన గ్రానైట్ అంచు తిన్నగా ఉండదు. అందుకే పొడవు మూడు చోట్ల, వెడల్పు మూడు చోట్ల కొలిచి, అన్నింటిలో చిన్నది రాసుకోండి. అంగుళాల్లో వద్దు, మిల్లీమీటర్లలో రాయండి, కంపెనీ కాగితాల మీద అలాగే ఉంటుంది.

ఇంకా నమ్మకంగా ఉండాలంటే రంధ్రం మీద పాత న్యూస్‌పేపర్ పరిచి, అంచుల వెంబడి పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దండి. రంధ్రం ఆకారం మూలల వంపులతో సహా పేపర్ మీద దిగుతుంది. గట్టు కింద డ్రాయర్ ఉంటే దానికీ గ్రానైట్‌కీ మధ్య లోతు ఎంతుందో, గ్యాస్ పైపు ఎడమ నుంచి వస్తుందో కుడి నుంచో కూడా అదే పేపర్ మీద రాసి, మడిచి షాపుకు తీసుకెళ్లండి. ఆ పేపర్ ఉంటే షాపాయన మాటల్లో పడి ఏదో ఒకటి తెచ్చుకునే అవకాశం ఉండదు.

కొత్త హాబ్ పాత రంధ్రంలో సరిపోకపోతే?

మాకు రంధ్రం 640 మి.మీ. పొడవు, 440 మి.మీ. వెడల్పు వచ్చింది. నచ్చిన హాబ్‌కు 680, 450 కావాలన్నారు. గ్రానైట్ కోసేవాళ్లను పిలిస్తే రంధ్రం పెంచుతారు. కానీ వంటిల్లంతా దుమ్ము, పైగా ముందు అంచు వైపు మిగిలే సన్నటి పట్టీ విరిగే భయం. ముందువైపు మూడు వేళ్ల వెడల్పు కూడా మిగలదనుకుంటే అసలు కోయించొద్దు.

కొత్తది చిన్నదైతే, దాని అంచు నాలుగు వైపులా గ్రానైట్ మీద ఆనుతుందో లేదో చూడండి. ఒక వైపు గాల్లో ఉంటే వద్దే వద్దు.

మేం చేసింది మూడో పద్ధతి. బండలు కోసే షాపులో మిగిలిపోయిన గ్రానైట్ ముక్క తీసుకుని, రంధ్రానికి సరిపడా కోయించి, కింద ఇనుప పట్టీల ఆధారం పెట్టించి మూయించాం. దాని మీద మూడు బర్నర్ల స్టీలు స్టవ్ పెట్టాం. రంగు కాస్త తేడాగా ఉంది, స్టవ్ కిందకి పోతుంది కాబట్టి కనిపించదు. గ్రానైటే కావాలని కూడా లేదు, తాండూరు బండ అయినా, కడప బండ అయినా నడుస్తుంది. ఊరికే రంధ్రం మీద స్టవ్ పెట్టేసి కాళ్లు అంచుల మీద నిలబెట్టే పని మాత్రం చేయకండి. కుక్కర్ దించేటప్పుడు ఒక కాలు జారితే చాలు.

గాజుదా, స్టీలుదా?

నేను స్టీలు అంటాను. కారణం చెబుతాను.

మా హాబ్ గాజుది, ఆరేళ్లు బాగానే పనిచేసింది. ఒక సాయంత్రం మా అత్తమ్మ జొన్నరొట్టెలు కాలుస్తున్నారు. పాత ఇనుప పెనం, బర్నర్ కంటే బాగా వెడల్పు. రొట్టె మీద తడిగుడ్డతో నీళ్లు రాసేటప్పుడు చుక్కలు పక్కకు జారి గాజు మీద చుయ్యిమనేవి, అది రోజూ ఉండేదే. ఏడో రొట్టె పెనం మీద ఉండగా పెద్ద శబ్దం. గాజంతా రాళ్ల ఉప్పులా ముక్కలైపోయింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె చేతిలో రొట్టె పిండి అలాగే ఉండిపోయింది, పాపం ఆ రాత్రంతా "నేనేం చేసిన బిడ్డా" అని బాధపడ్డారు. తప్పు ఆమెది కాదు. వెడల్పు పెనం మంటను కిందకి, పక్కకు తోస్తుంది. ఆ వేడి గంటసేపు గాజు మీద పడుతుంది. ఆ గాజుకు అంచుల్లో ఎప్పుడో గిన్నె తగిలిన చిన్న గీత ఉందంటే, వేడి మీద చన్నీళ్ల చుక్క పడినప్పుడు ఒత్తిడి తట్టుకోలేదు. అమ్మిన షాపులో అడిగితే వారంటీ గాజుకు వర్తించదన్నారు. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉంది, కొన్నప్పుడు మేం చదవలేదు.

టఫెన్డ్ గాజు అంటే పగలదని కాదు, పగిలితే కత్తుల్లా కాకుండా చిన్న ముక్కలుగా రాలుతుందని. గాజు ముచ్చటగా ఉంటుంది, ఒక్క తుడుపుతో శుభ్రమవుతుంది, కాదనను. ఇంట్లో రొట్టెలు తక్కువ, చిన్న గిన్నెల్లో వంట, అలాంటి వాళ్లు గాజుది తీసుకోవచ్చు. అప్పుడు 8 మి.మీ. మందం గాజు అడగండి, వారంటీలో గాజు ఉందో లేదో బిల్లు మీద రాయించుకోండి. వేడి తగ్గకముందు తడిగుడ్డ పెట్టొద్దు.

ఎన్ని బర్నర్లు తీసుకోవాలి?

నాలుగు ఉంటే గొప్ప అనుకుంటాం. రెండు అడుగుల గట్టులో నాలుగు బర్నర్లు ఇరికిస్తే, ఒక పక్క పెద్ద బగోనె పెట్టగానే ఇంకో బర్నర్ మూసుకుపోతుంది. ఇంట్లో నలుగురైదుగురుంటే మూడు చాలు. ఇద్దరికి రెండు చాలు. లెక్క కంటే సైజులు ముఖ్యం.

మన వంటకు ఒక పెద్దది, ఒక చిన్నది తప్పకుండా ఉండాలి. జొన్నరొట్టెకు పెనం బాగా కాగాలి, మంట పెద్దదిగా, వెడల్పుగా రావాలి. చిన్న బర్నర్ మీద పెనం నడిమధ్యే మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. సర్వపిండి దానికి పూర్తిగా ఉల్టా. మందపాటి గిన్నెకు పిండి ఒత్తి, వేలితో రంధ్రాలు చేసి, నూనె పోసి మూత పెట్టాక సన్నటి సెగ మీద ఓపిగ్గా కాలాలి. సిమ్‌లో మంట నిలవని పొయ్యి మీద అది అడుగు మాడి పైన పిండిలా మిగులుతుంది. అందుకే షాపులో వెలిగించి చూపించమనండి. పెద్ద బర్నర్ ఫుల్‌లో పెట్టినప్పుడు మంట చుట్టూ సమానంగా వస్తుందా, చిన్నది సిమ్‌లో ఉండగా ఫ్యాన్ గాలికి ఆరిపోతుందా, ఈ రెండూ చూస్తే సగం పని అయిపోయినట్టే. ఇంట్లో వాడే పెద్ద పెనం సంచిలో వేసుకెళ్లి స్టాండ్ మీద పెట్టి చూడండి. మొహమాటం వద్దు, నేనలాగే చేశాను.

బర్నర్ ఇత్తడిదే కావాలా?

ఇత్తడిది మంచిది. బరువుగా ఉంటుంది, పొంగినా తుప్పు పట్టదు, ఏళ్లు నడుస్తుంది. అల్యూమినియం బర్నర్ చవక, కానీ వేడికి వంకర పోతుంది. కొన్నింటికి పైన ఇత్తడి రంగు మాత్రమే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, తేలిగ్గా ఉంటే అనుమానించండి. గిన్నెల స్టాండ్ కూడా ఊపి చూడండి, నిండు కుక్కర్ బరువు మోయాల్సింది అదే.

ఐఎస్ఐ మార్క్ అన్నింటికీ ఉంటుంది కదా, అది చూసి లాభమేంటి?

మార్క్ ఉండటం కాదు, సరైనది ఉండాలి. ఎల్పీజీ ఇంటి పొయ్యిలకు ఐఎస్ 4246 అనే ప్రమాణం ఉంది. మార్క్ పైన ఆ నంబరు, కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్స్ నంబరు ఉండాలి. ఫోన్‌లో ఈ మార్క్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ పెట్టుకుని ఆ లైసెన్స్ నంబరు కొడితే అది ఏ కంపెనీది, ఇంకా చెల్లుతుందా అన్నది చూపిస్తుంది. షాపులో నిలబడే రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు.

ఆ ప్రమాణం ప్రకారం గ్యాస్ వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ స్టార్ లేబుల్ ఉన్నవైతే స్టార్లు పెరిగేకొద్దీ ఈ శాతం ఎక్కువ. ఇది కాగితం మీది లెక్క కాదు. 60 శాతం ఇచ్చే నాసిరకం పొయ్యి మీద 14.2 కిలోల సిలిండర్ 45 రోజులు వచ్చే ఇంట్లో, 68 శాతం పొయ్యి మీద అదే వంటకు 51 రోజులు వస్తుంది. చవకగా దొరికిందని కొన్న పొయ్యి ప్రతి సిలిండర్‌కూ ఆరు రోజుల గ్యాస్ తినేస్తుందన్నమాట.

గ్యాస్ వదిలేసి ఇండక్షన్ పెట్టుకుంటే?

ఇండక్షన్ పొయ్యి చవకే, రంధ్రం గొడవ కూడా ఉండదు. కానీ ముందు లెక్క వేసుకోండి.

2000 వాట్ల ఇండక్షన్ ఫుల్ మీద అరగంట నడిస్తే ఒక యూనిట్. ఇంటిల్లిపాది వంటా దాని మీదే అంటే రోజుకు రెండు మూడు యూనిట్లు, నెలకు 60 నుంచి 90. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు బిల్లు లేని ఇళ్లకు ఇదే ముఖ్యమైన మాట. 200 దాటితే పైన వాడినదానికే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలం మన దగ్గర కూలర్, ఫ్యాన్లు, ఫ్రిజ్ కలిసి ఎంత లాగుతాయో పోయిన మే నెల బిల్లు తీసి చూడండి. అందులో 110 దాటి ఉంటే పూర్తి వంట ఇండక్షన్ మీద పెట్టొద్దు. ఒక సిలిండర్ చేసే పనికి ఇండక్షన్ మీద దాదాపు 140 యూనిట్లు పడతాయి. కరెంటు బిల్లు కడుతూ, మహాలక్ష్మి పథకంలో 500 రూపాయలకు సిలిండర్ అందే ఇంటికి గ్యాసే లాభం.

గిన్నెల సంగతి ఇంకోటి. అయస్కాంతం అడుగుకు అంటుకుంటేనే ఆ గిన్నె ఇండక్షన్ మీద పనిచేస్తుంది. అల్యూమినియం గంజులు, ఇత్తడి గిన్నెలు, మామూలు కుక్కర్ పనికిరావు. ఇనుప పెనం అంటుకుంటుంది, కానీ అడుగు సమతలంగా ఉండాలి. కొత్త గిన్నెల ఖర్చు కలిపితే చవక పోతుంది. ఏ గిన్నెనైనా తీసుకునే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యిలూ ఉన్నాయి. అవి నెమ్మది, ఆపేశాక కూడా గాజు చాలాసేపు కాలుతుంది, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త.

నా మట్టుకు గ్యాస్ స్టవ్‌తోపాటు పక్కన ఒక చిన్న ఇండక్షన్ ఉంచుకున్నాను. పాలు, టీ, వేడినీళ్లు దాని మీద. సిలిండర్ అయిపోయిన రాత్రి అదే దిక్కు. 16 ఆంపియర్ల ప్లగ్ పాయింట్‌లోనే పెట్టండి, మిక్సీ ప్లగ్‌లో పెడితే వైరు వేడెక్కుతుంది.

ఆటో ఇగ్నిషన్, అంటే నాబ్ తిప్పగానే దానంతటదే వెలిగేది, అవసరమా?

లేకపోయినా నడుస్తుంది. లైటర్ చాలు. మిగిలిన డబ్బు బర్నర్‌లో పెట్టండి.

మా కాలనీకి పైపు గ్యాస్ వస్తుందంటున్నారు. ఆగాలా?

ఆగక్కర్లేదు. పైపు గ్యాస్‌కు జెట్లు వేరే, రంధ్రం కాస్త పెద్దది. కనెక్షన్ వచ్చినప్పుడు జెట్లు మార్పించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ మోడల్‌కు పైపు గ్యాస్ జెట్లు దొరుకుతాయా అని అడగండి. సిలిండర్ జెట్లతోనే దానికి కలపకూడదు.

ఎంత అవుతుంది, ఎక్కడ కొనాలి?

రెండు బర్నర్ల మంచి స్టీలు స్టవ్ రెండు వేల అటూ ఇటూ, మూడు బర్నర్లది మూడు నుంచి ఐదు వేలు. హాబ్ అంటే ఎనిమిది వేల నుంచి మొదలై ఎక్కడిదాకైనా పోతుంది, పైన కోత, బిగింపు ఖర్చు.

నల్లగొండలో ప్రకాశం బజార్, మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ చుట్టుపక్కల గిన్నెల షాపులు, స్టవ్ షాపులు ఉన్నాయి. ఒకేరోజు మూడు షాపులు చూడండి. ఆన్‌లైన్‌లో వంద, రెండొందలు తక్కువకు కనిపిస్తుంది. కానీ గాజుది పార్సెల్‌లో వస్తే తెరిచేటప్పుడు వీడియో తీయాలి, సర్వీస్‌కు హైదరాబాద్ నుంచి రావాలంటారు. దేవరకొండ, అచ్చంపేట వైపు ఉండేవాళ్లకు ఇది ఇంకా కష్టం. అందుకే ధర తర్వాత అడగండి, ముందు "జెట్, నాబ్, బర్నర్ మూత విడిగా మీ దగ్గర దొరుకుతాయా?" అని అడగండి. దొరుకుతాయన్న షాపులోనే నేను కొన్నాను. బిల్లు తప్పకుండా తీసుకోండి. తేడా వస్తే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవాలన్నా బిల్లు కావాలి.

గ్యాస్ ఏజెన్సీ దగ్గరే కొనాలంటున్నారు. నిజమా?

కాదు. స్టవ్ ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

పాత రబ్బరు పైపు బాగానే ఉంది. దాన్నే పెట్టొచ్చా?

దాని మీద ముద్రించిన సంవత్సరం చూడండి. లోపల స్టీలు తీగ అల్లిక ఉన్న సురక్ష పైపునైనా ఐదేళ్లకోసారి మార్చాలి. పొయ్యి మార్చే రోజే ఇదీ మార్చేస్తే మళ్లీ గుర్తుపెట్టుకునే పని ఉండదు. పైపు మీటరున్నర దాటకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, దాని మీద బట్టలు చుట్టకూడదు. సిలిండర్ నిలువుగా, పొయ్యి కంటే కిందనే ఉండాలి. గట్టు కింద కబోర్డ్‌లో సిలిండర్ పెట్టి తలుపులు బిగించేస్తున్నారు చాలామంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, అడుగునే పేరుకుంటుంది. ఆ తలుపులకు కింద గాలి పోయే జాలీ పెట్టించండి.

బిగించాక ఏం చూడాలి?

సబ్బు నీళ్ల నురగ చేసి పైపు రెండు చివర్లా, రెగ్యులేటర్ దగ్గరా రాయండి. బుడగ లేస్తే లీకే. అగ్గిపుల్ల గీసి చూడటం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే, ఎవరు చేయబోయినా ఆపండి. వాసన వస్తే రెగ్యులేటర్ ఆఫ్ చేసి, తలుపులు కిటికీలు తీసి, ఏ స్విచ్చూ వేయకుండా, తీయకుండా బయటికి వచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చేయండి. ఆ నంబరు గట్టు పక్కన గోడ మీద రాసి ఉంచాం మేం, పిల్లలకు కూడా కనిపించే ఎత్తులో.

బోరు నీళ్లకు స్టీలు మీద తెల్ల మరకలు పడుతున్నాయి. పోవా?

మన వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, ఎండితే తెల్లగా పేరుకుంటుంది. నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే పోతాయి. ఆరేదాకా వదిలేస్తే మళ్లీ వస్తాయి. ఇనుప పీచు పెట్టొద్దు, గీతలు పడతాయి, ఆ గీతల్లోనే ఇంకా పేరుకుంటుంది.

పాత హాబ్ ఏం చేయాలి?

కొన్ని షాపులు ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటాయి. లేదంటే పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయండి. ఇత్తడి బర్నర్లు, జెట్లు ముందే విప్పి విడిగా తూకం వేయించండి, ఇనుము ధరకు పోనివ్వొద్దు. వాల్వ్ లీకైన హాబ్‌ను మాత్రం ఎవరికైనా పనికొస్తుందని ఇవ్వకండి. పాత రబ్బరు పైపును కూడా కత్తితో మూడు ముక్కలు చేసి పారేయండి, ఇంకెవరూ తీసుకెళ్లి వాళ్ల పొయ్యికి తగిలించుకోకుండా.